తోటలో కనబడే చెట్లు, మరుగుపడే చెట్లు

మలేసియాలోని మన తెలుగు కుటుంబాల చరిత్ర చెట్ల వరుసల మధ్య మొదలైనది. మన తాతముత్తాతలు విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుండి, చిత్తూరు వైపు నుండి ఓడలెక్కి వచ్చి రబ్బరు తోటలలోను, పేరాక్ రాష్ట్రంలో బాగన్ దాతో వైపున్న కొబ్బరి తోటలలోను పనిచేశారు. తరువాతి కాలంలో ఎన్నో రబ్బరు తోటలు పామాయిల్ తోటలుగా మారినవి. కొన్ని ఇండ్ల స్థలాలైనవి. మారనిది ఒక్కటే. తోట ఏదైనా సరే, చెట్లను వరుస తప్పకుండా, ఎడం తప్పకుండా నాటుతారు.

అటువంటి తోటలో ఒక చెట్టు మొదట నిలబడి చూచిన వారికి ఒక విషయం తెలుసు. కొన్ని చెట్లు చక్కగా కనబడతాయి. కొన్ని ముందున్న చెట్టుకు సరిగ్గా వెనుక పడి కనబడవు. ఏ చెట్లు కనబడతాయి? ఏవి మరుగుపడతాయి? నూటికి ఎన్ని? వినడానికి ఇది పిల్లల ఆటలాగ ఉన్నది. కాని దీని జవాబుకు కావలసిన పనిముట్లన్నీ తయారు కావడానికి రెండు వేల సంవత్సరాలకు పైగా పట్టినది. ఈ ప్రశ్న నుండి పుట్టిన మరొక ప్రశ్నకు ఈనాటికీ జవాబు లేదు. నలభై ఏండ్ల దగ్గర బడిలో లెక్కలు చెప్పినవాడిని, సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకున్నవాడిని. ఈ రెండూ కలిపి ఆ కథను మన పిల్లలకు, వారి తల్లిదండ్రులకు తెలుగులోనే చెప్పాలని నా కోరిక.

నియమం ఒక్కటే

ఒక గళ్ళ కాగితం తీసుకోండి. లేదా ఇంటి ముందు పెట్టే చుక్కల ముగ్గును తలచుకోండి. చుక్కలన్నీ చెట్లు అనుకుందాము. చెట్టుకు లావు లేదు, చుక్క మాత్రమే. మనం ఒక మూల చుక్క దగ్గర నిలబడినాము. అక్కడ నుండి కుడికి 6, పైకి 4 లెక్కించి ఒక చెట్టును చేరుదాము. దానిని (6, 4) అని వ్రాస్తాము. ఆ చెట్టు మనకు కనబడుతుందా? కనబడదు. ఎందుకంటే సరిగ్గా సగం దారిలో (3, 2) చెట్టు అడ్డుగా ఉన్నది. 6, 4 రెండింటినీ 2 నిశ్శేషంగా భాగిస్తుంది. చిక్కు అక్కడే ఉన్నది.

(12, 8) చెట్టును చూడండి. రెండు సంఖ్యలనూ 4 భాగిస్తుంది. దాని ముందు (3, 2), (6, 4), (9, 6) అని మూడు చెట్లు వరుసగా నిలిచి ఉన్నవి. (7, 5) చెట్టుకు ఏ అడ్డమూ లేదు. 7ను, 5ను కలిపి భాగించే సంఖ్య 1 తప్ప మరొకటి లేదు.

ఇదే నియమం. రెండు లెక్కల గరిష్ఠ సామాన్య భాజకం, బడిపిల్లలు గ.సా.భా. అనేది, 1 అయితే చెట్టు కనబడుతుంది. అంతకంటె పెద్దదైతే మరుగుపడుతుంది. గ.సా.భా. ఎంతో, దానికి ఒకటి తక్కువగా చెట్లు ముందు అడ్డంగా ఉంటాయి.

ఇక్కడ కొందరు పెద్దలు ఒక సందేహం అడగవచ్చును. పామాయిల్ చెట్లను చదరంగా నాటరు గదా, దాదాపు 9 మీటర్ల ఎడంతో ముక్కోణంగా నాటుతారు గదా అని. నిజమే. అయినా నియమం మారదు. చదరపు గడిని పక్కకు లాగి వాలుగా చేసినా తిన్నని గీత తిన్నగానే ఉంటుంది. ఏ చెట్టు వెనుక ఏ చెట్టు పడుతుందో ఆ వరుస చెడదు. వరుసల లెక్క చూస్తే చాలు.

గ.సా.భా. కనుగొనే ఉపాయం చాలా పాతది. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియా నగరంలో యూక్లిడ్ తన గ్రంథం ఏడవ భాగంలో దానిని వ్రాసి పెట్టాడు. పెద్ద సంఖ్య నుండి చిన్నదానిని తీసివేస్తూ పోవడమే ఆ ఉపాయం. 84, 30 తీసుకోండి. 84 నుండి 30ని రెండు సార్లు తీస్తే 24 మిగులుతుంది. 30 నుండి 24 తీస్తే 6. ఆ 6 తో 24 సరిగా తెగుతుంది. కనుక గ.సా.భా. 6. (84, 30) చెట్టు ముందు ఐదు చెట్లు ఉన్నవి. తోటలో నడిచి చూడనక్కరలేదు.

మన దేశంలో ఆర్యభటుడు క్రీ.శ. 499 లో ఇటువంటి భాగహారాన్నే మరొక పనికి వాడాడు. ఒక సంఖ్య దీనితో భాగిస్తే ఇంత, దానితో భాగిస్తే అంత శేషం ఇవ్వాలి, ఆ సంఖ్య ఏది? ఈ పద్ధతికి తరువాతివారు కుట్టకము అని పేరు పెట్టారు. దీని పని ముందు రాబోతున్నది. మహావీరుని గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తొమ్మిది వందల ఏండ్లకు ముందే తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. గణితం చెప్పడానికి తెలుగు చాలదని మన పిల్లలలో ఎవరైనా అంటే ఈ పేరు గుర్తు చేయండి.

నూటికి అరవై ఒకటి

ఇక లెక్కిద్దాము. కుడికి 10, పైకి 10 వరకు ఉన్న నూరు చెట్లలో కనబడేవి 63. నూరు వరుసలు, నూరు చెట్లు తీసుకుంటే పదివేలలో కనబడేవి 6,087. వేయి వరుసలు, వేయి చెట్లు తీసుకుంటే పది లక్షలలో 6,08,383. తోట పెరిగినకొద్దీ ఈ పాలు నూటికి 60.79 దగ్గర నిలబడుతుంది. అంటే నూటికి సుమారు 61 చెట్లు కనబడతాయి, 39 మరుగుపడతాయి.

ఈ సంఖ్య ఎక్కడ నుండి వచ్చినది? రెండు లెక్కలూ సరి సంఖ్యలైన చెట్లు నాలుగింట ఒకటి. అవి కనబడవు కనుక తీసివేస్తే 3/4 మిగులుతుంది. రెండు లెక్కలనూ 3 భాగించేవి తొమ్మిదింట ఒకటి. అవీ పోతే, మిగిలినదానిలో 8/9 నిలుస్తుంది. తరువాత 5 కోసం 24/25, 7 కోసం 48/49. ఇలా ప్రతి ప్రధాన సంఖ్యకూ ఒక జల్లెడ. అన్నిటినీ గుణిస్తూ పోతే 0.6079 వస్తుంది.

ఆ అంతులేని గుణకారానికి అర్థం చెప్పినవాడు ఆయిలర్. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో 1707 లో పుట్టాడు. 1, 1/4, 1/9, 1/16 అని వర్గాల తలక్రిందుల సంఖ్యలన్నిటినీ కూడితే ఎంత అని ఇటలీలో మెంగోలీ 1650 లో అడిగాడు. గొప్ప గొప్పవారు ప్రయత్నించి విడిచిపెట్టారు. ఆయిలర్ 28 ఏండ్ల వయస్సులో, 1735 లో, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులో ఉండగా జవాబు చెప్పాడు. వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్యను, అనగా 3.14159 ను, దానితోనే గుణించి 6 తో భాగిస్తే ఆ మొత్తం వస్తుంది. అది సుమారు 1.6449. రెండేండ్ల తరువాత 1737 లో, పైన చెప్పిన జల్లెడల గుణకారం ఈ కూడికకు సరిగ్గా తలక్రిందులని కూడా తేలే సూత్రం ఇచ్చాడు. 1 ని 1.6449 తో భాగించండి. 0.6079 వస్తుంది.

తోటలో వృత్తం లేదు. అన్నీ తిన్నని వరుసలే. అయినా కనబడే చెట్ల పాలులో వృత్తపు సంఖ్య వచ్చి కూర్చున్నది. ఎన్నిసార్లు తరగతిలో చెప్పినా నాకు ఇది పాతబడలేదు.

అయితే ఆయిలర్ తోటను లెక్కించలేదు. పనిముట్టు మాత్రం ఇచ్చాడు. కనబడే చెట్ల సగటు లెక్కను జర్మనీలో డిరిష్లే 1849 లో తేల్చాడు. ఆ లెక్కలో తప్పు ఎంతకు మించదో 1874 లో మెర్టెన్స్ హద్దు కట్టాడు. ఏవో రెండు సంఖ్యలు తీసుకుంటే వాటికి ఉమ్మడి భాజకం లేకపోయే అవకాశం ఎంత అని ఇటలీ దేశస్థుడు చెజారో 1881 లో ఒక పత్రికలో ప్రశ్న వేశాడు. 1883 లో జవాబు వచ్చినది. ఆ జవాబూ ఇదే సంఖ్య. చెజారో 1906 లో, సముద్రంలో మునిగిపోతున్న కుమారుని కాపాడబోయి తానే ప్రాణం విడిచాడు. అప్పటికి ఆయన వయస్సు 47 ఏండ్లు.

ముందున్న పేరు, వెనుకనున్న పేరు

తోటలో ఒక చెట్టు మరొక చెట్టును దాచినట్లే చరిత్రలో ఒక పేరు మరొక పేరును దాస్తుంది. ఈ కథలోనే మూడు ఉదాహరణలు ఉన్నవి.

మొదటిది. మనం నిలిచిన చోటు నుండి అయిదవ వరుస లోపల కనబడే చెట్ల వాలును భిన్నాలుగా వ్రాసి, చిన్నది మొదలు పెద్దది వరకు పేర్చితే 1/5, 1/4, 1/3, 2/5, 1/2, 3/5, 2/3, 3/4, 4/5 వస్తాయి. ఏ మూడు వరుస భిన్నాలు తీసుకున్నా నడిమిదానికి ఒక గుణం ఉన్నది. అటు ఇటు ఉన్న భిన్నాల పై అంకెలు కూడి, క్రింది అంకెలు కూడితే నడిమి భిన్నం వస్తుంది. 1/3, 1/2 తీసుకోండి. పైన 1, 1 కలిపితే 2. క్రింద 3, 2 కలిపితే 5. నడుమ ఉన్నది 2/5. ఇంగ్లండులో భూగర్భ పరిశోధకుడైన జాన్ ఫేరీ దీనిని 1816 లో ఒక పత్రికకు లేఖగా వ్రాశాడు. ఫ్రాన్సులో కోషీ దానిని చూచి ఋజువు ఇచ్చాడు. అప్పటి నుండి ఇది ఫేరీ శ్రేణి అయినది. కాని ఫ్రాన్సులోనే హారోస్ అనే ఆయన 1802 లోనే ఈ సంగతి వ్రాసి ఉన్నాడు. ఫేరీ చెట్టు వెనుక హారోస్ చెట్టు మరుగుపడినది.

రెండవది. మనం నిలిచిన చుక్కను, ఆ శ్రేణిలో పక్కపక్కన వచ్చే రెండు చెట్లను కలిపి త్రిభుజం గీయండి. దానిలోపల గాని అంచుల మీద గాని మరే చెట్టూ ఉండదు. దాని వైశాల్యం ఎప్పుడూ ఒక గడిలో సగమే. దీని వెనుక ఉన్న సూత్రాన్ని ప్రాగ్ నగరంలో ఆచార్యుడైన గియోర్గ్ పిక్ 1899 లో ప్రకటించాడు. చుక్కల మీద మూలలు పెట్టి గీసిన ఏ బొమ్మకైనా, లోపలి చుక్కలకు అంచు చుక్కలలో సగం కలిపి ఒకటి తీసివేస్తే వైశాల్యం వస్తుంది. పదేండ్ల పిల్లలకు కూడా అర్థమయ్యే ఈ సూత్రాన్ని చాలా దశాబ్దాలు ఎక్కువ మంది పట్టించుకోలేదు. ఐన్‌స్టీన్ ప్రాగ్‌లో ఉన్న రోజులలో పిక్ ఆయనకు మిత్రుడు. పిక్ యూదు వంశీయుడు. 1942 జూలై 13 న నాజీలు ఆయనను టెరెజీన్ నిర్బంధ శిబిరానికి పంపారు. పదమూడు రోజులకు, జూలై 26 న, అక్కడే చనిపోయాడు. అప్పటికి ఆయన వయస్సు 82 ఏండ్లు. ఈనాడు ఎన్నో దేశాల పిల్లలు పిక్ సూత్రంతో వైశాల్యాలు లెక్కకడుతున్నారు. ఆ పేరు గల మనిషికి ఏమి జరిగినదో కూడా వారికి చెప్పడం మన ధర్మం.

మూడవది మన వైపుదే. 1883 లో సిల్వెస్టర్ అనే పేరుపొందిన ఆంగ్ల గణితవేత్త ఈ లెక్కను 1000 వరకు పట్టిక వేసి ఒక మాట చెప్పాడు. లెక్కించి తెచ్చిన అసలు మొత్తం సూత్రం చెప్పే అంచనా కంటె ఎప్పుడూ ఎక్కువే ఉంటుందని. పెద్దవారి మాట, వేయి వరకు పట్టిక. ఎవరు కాదంటారు? భారతదేశంలో ఎం. ఎల్. ఎన్. శర్మగారు 1930ల దశకంలో సరిచూచి 820 దగ్గర ఆ మాట నిలవదని చూపారు. 820 అనేది ఆ వేయి లోపలి సంఖ్యే! 1951 లో ఎర్డిష్, షపీరో అనే ఇద్దరు, అంచనా కంటె అసలు లెక్క తక్కువయ్యే చోట్లు, ఎక్కువయ్యే చోట్లు రెండూ అంతులేకుండా వస్తూనే ఉంటాయని ఋజువు చేశారు.

అదే తేడాను గురించి 1930 లో ఎస్. ఎస్. పిళ్ళైగారు, సర్వదమన్ చౌలాగారు కలిసి లండన్ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. వరుసల సంఖ్యకు ఎన్ని రెట్లు హద్దుగా పెట్టుకున్నా ఆ తేడా ఎక్కడో ఒకచోట హద్దు దాటుతుందని తేల్చారు. పిళ్ళైగారు అప్పుడు అణ్ణామలై విశ్వవిద్యాలయంలో ఉన్నారు. చౌలాగారు తరువాత 1933 నుండి 1936 వరకు మన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేశారు. పిళ్ళైగారు 1950 ఆగస్టు 31 న, అమెరికాలో జరుగనున్న ప్రపంచ గణిత మహాసభకు వెళుతూ, కైరో దగ్గర విమాన ప్రమాదంలో మరణించారు.

చీకటి గడులు

నూటికి 61 కనబడతాయన్నాము. అందుచేత తోటలో ఎక్కడ చూచినా ఆ పాలులోనే ఉంటాయని అనుకోరాదు. సగటు వేరు, చోటు వేరు. (14, 20), (15, 20), (14, 21), (15, 21) అనే నాలుగు చెట్లు ఒక చిన్న చదరం. మొదటిదానికి 2 అడ్డం, రెండవదానికి 5, మూడవదానికి 7, నాలుగవదానికి 3. నాలుగూ మరుగుపడినవే. కుడికి 1274 నుండి 1276 వరకు, పైకి 1308 నుండి 1310 వరకు ఉన్న తొమ్మిది చెట్లు తీసుకోండి. వాటిలో ఒక్కటీ కనబడదు. పిల్లలు గ.సా.భా. వేసి సరిచూడవచ్చును.

ఇంకా పెద్ద చీకటి చదరాలు ఉన్నవా? ఉన్నవి. నూరు చెట్లకు నూరు చెట్లు, వేయికి వేయి, మీరు ఎంత అడిగితే అంత. ఇక్కడే కుట్టకము పనికి వస్తుంది. ప్రతి చెట్టుకూ ఒక వేరు ప్రధాన సంఖ్యను కేటాయించాలి. ఆ సంఖ్య ఆ చెట్టు రెండు లెక్కలనూ భాగించేటట్లు వరుసలను ఎంచుకోవాలి. అంటే ఇంత శేషం, అంత శేషం ఇచ్చే సంఖ్య కావాలి. ఆర్యభటుని ప్రశ్న సరిగ్గా అదే. చైనాలో సున్ జి అనే పండితుని పాత గ్రంథంలో కూడా అటువంటి లెక్క ఉన్నది. 3తో భాగిస్తే 2, 5తో భాగిస్తే 3, 7తో భాగిస్తే 2 శేషం వచ్చే సంఖ్య ఏది అని. జవాబు 23. మలేసియాలో తెలుగు పిల్లలు, చైనీయ పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకుంటున్నారు. ఇద్దరి పూర్వుల లెక్కా ఒక్కచోట కలిసినది.

జ్యూరిచ్‌లో ఒక తోట

ఇంతవరకు చెట్టుకు లావు లేదన్నాము. నిజమైన చెట్టుకు లావు ఉంటుంది. హంగరీ దేశస్థుడు జార్జ్ పోల్యా జ్యూరిచ్‌లోని సాంకేతిక విద్యాలయంలో పనిచేస్తూ 1918 లో ఈ ప్రశ్న వేశాడు. గుండ్రని తోట నడుమ నిలబడితే, చెట్లు ఎంత లావైతే బయటికి చూపు ఏ దిక్కునా పోదు? దీనికి కచ్చితమైన హద్దును టి. టి. అలెన్ 1986 లో ఇచ్చాడు. మన లెక్కలో చెప్పాలంటే, 9 మీటర్ల ఎడంతో చదరంగా నాటిన తోట, నడుమ నుండి అంచుకు 50 చెట్ల దూరం, అంటే 450 మీటర్లు. మాను సుమారు 36 సెంటీమీటర్ల కంటె లావైతే నడుమ నిలిచినవానికి బయటి లోకం ఏ దిక్కునా కనబడదు. తోట ఎంత పెద్దదైతే అంత సన్నని మాను చాలు.

ఆ జ్యూరిచ్ విద్యాలయంలోనే 1965 నుండి ఆచార్యులుగా ఉన్న కె. చంద్రశేఖరన్‌గారు మన బందరులో, అనగా మచిలీపట్నంలో, 1920 లో పుట్టారు. సంఖ్యా శాస్త్రం మీద వారు వ్రాసిన పాఠ్యగ్రంథాలు ఎన్నో దేశాలలో చదివారు. 2017 లో స్వర్గస్థులయ్యారు. మన ఇండ్లలో ఆ పేరు తెలిసినవారు ఎందరు?

ఇక జవాబు లేని ప్రశ్న. కనబడే చెట్లున్న దిక్కులు, అనగా ఫేరీ భిన్నాలు, ఎంత సమంగా పరచుకొని ఉన్నవి? అవి ఒక ప్రత్యేకమైన మేర సమంగా ఉన్నవని చూపగలిగితే, 1859 లో రీమాన్ చెప్పి ఋజువు లేకుండా మిగిలిన ప్రసిద్ధ ప్రతిపాదన నిజమని తేలిపోతుంది. ఈ సంబంధాన్ని ఫ్రానెల్, లాండౌ 1924 లో చూపారు. ఒక చెట్టు మొదట నిలబడి చూచే చూపు సంఖ్యా శాస్త్రంలోనే అతి పెద్ద చిక్కు దాకా తీసుకుపోయినది.

సోదర సోదరీమణులారా, మరుగుపడిన చెట్టు లేని చెట్టు కాదు. ఒక్క అడుగు పక్కకు వేస్తే కొన్ని దాగినవి బయటపడతాయి, కొన్ని కనబడినవి దాగుతాయి. తోటలలో మన వాళ్ళను పేరుతో కాక పనికి వచ్చిన తలల లెక్కగానే వ్రాసుకొన్న రోజులు ఉన్నవి. వారి మనుమలకు, మునిమనుమలకు ఈ గణితం పరాయిది కాదు. మల్లన, పిళ్ళై, శర్మ, చంద్రశేఖరన్ పేర్లు వారికి ఎవరో ఒకరు పక్కకు జరిగి చూపించాలి.

ఈ ఉత్సవపు రోజులలో ఇంటి ముందు ముగ్గు పెట్టేటప్పుడు ఒక చిన్న పని చేయండి. పది వరుసలు, వరుసకు పది చుక్కలు పెట్టండి. ఆ చదరానికి ఎడమ అడుగు మూలను ఒక వరుస ఇవతల మరొక చుక్క పెట్టి, అది మనం నిలబడే చోటు అనుకోండి. మరుగుపడే చుక్కలకు పసుపు, కనబడే చుక్కలకు కుంకుమ పెట్టమని పిల్లలతో చెప్పండి. ఎర్ర చుక్కలు 63 రావాలి. రాకపోతే మళ్ళీ లెక్కించమనండి, తెలుగులోనే.